“వింటేజ్ కలంకారీ బండిల్” కొనేముందు వెనకవైపు ఫోటో అడగండి

గుడ్డతో పోస్టుకార్డులు చేసేవాళ్లు డబ్బులు కట్టేముందు ఇది ఒకసారి చదవండి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీవాళ్లు “పాతకాలం కలంకారీ, జరీ పట్టు ముక్కలు, కిలో 1,800 రూపాయలు” అని అమ్ముతున్నారు. నేనూ ఒక మూట తెప్పించుకున్నాను. డబ్బు గొడవ ఇంకా తేలలేదు కాబట్టి ఆ పేజీ పేరు పెట్టడం లేదు. సరుకు ఎలా ఉందో మాత్రం చెబుతాను.

మూటలో చాలావరకు కొత్త స్క్రీన్ ప్రింటు గుడ్డే. పాతగా కనపడాలని టీ డికాషన్‌లో ముంచి ఆరేశారు. ఒక ముక్కకి పాత అంచు కుట్టు ఉంటే విప్పి చూశాను. మడత లోపల కూడా అదే గోధుమరంగు! వాడి వాడి వెలిసిన బట్టయితే ఎండ తగలని ఆ మడతలో రంగు నిగనిగలాడుతూ ఉండాలి కదా.

వెనక్కి తిప్పితే దాదాపు తెల్లగుడ్డ. చెక్క అచ్చుల కలంకారీకి పేరున్న పెడన ఊరి పని అలా ఉండదు. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద పటికతో, కసిం అనే ఇనుప నలుపుతో అచ్చు వేసి ఆపైన రంగులో ఉడకబెడతారు. రంగు నూలులోకి దిగుతుంది కాబట్టి వెనక కూడా బొమ్మ తెలుస్తుంది. పైగా చెక్క అచ్చు చేత్తో కొట్టేది. ఒక అచ్చుకీ పక్క అచ్చుకీ మధ్య ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి సందో, ఒకదాని మీదకి ఇంకోటి ఎక్కడమో కనపడుతుంది. వీటిలో ముక్క పొడవునా అతుకే లేదు.

కార్డు గట్టిగా నిలవడానికి వెనక బకరం (బిరుసు గుడ్డ) అతికిద్దామని కాటన్ వేడి మీద ఇస్త్రీపెట్టె పెట్టగానే ఒక ముక్క ముడుచుకుపోయింది. పాలిస్టర్ కలిసిందన్నమాట. అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చి చూడండి: నూలైతే కాగితం కాలిన వాసన, మెత్తని బూడిద, పాలిస్టరైతే కరిగి గట్టి పూస కడుతుంది.

జరీ సంగతి చెప్పనే అక్కర్లేదు. వెండి జరీ కోసం పాత పట్టుచీరలు కొనేవాళ్లు ఊరూరా తిరుగుతుంటే, ఆ జరీని వీళ్లు కిలో 1,800కి మనకెందుకు పోస్తారు? వచ్చిందంతా ప్లాస్టిక్ జరీయే.

అసలు బాధేమిటంటే, నిజంగా పాతదనిపించిన ముక్క ఒకటి వచ్చింది. ఎర్రటి నేల మీద లతలు, నల్లటి గీతలు, చూడ్డానికి ఎంతో బాగుంది. కానీ ఆ నల్లగీతల వెంటే బట్ట చీకిపోయింది. కసిం అంటే తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టి తీసే నలుపు. ఆ ఇనుమే ఏళ్లు గడిచేకొద్దీ నూలును తినేస్తుంది. అందుకే ఎరుపు గట్టిగా ఉన్నా నలుపు పొడిపొడిగా రాలుతుంది. 6×4 అంగుళాల కార్డు చుట్టూ దగ్గరదగ్గరగా జిగ్‌జాగ్ కుట్టు వేసేసరికి, సూది పోట్లకి తపాలా బిళ్ల అంచులా ఊడొచ్చింది. ఇలాంటివి వాడాలంటే ముందు వెనక పల్చటి నూలుగుడ్డ అతికించి, అంచుకి నలుపు రాకుండా కత్తిరించుకోవాలి. కొనేటప్పుడు వీడియో కాల్‌లో నల్లగీత దగ్గర గుడ్డని మెల్లగా లాగి చూపించమనండి. చూపించనంటే వదిలేయండి.

మెసేజ్ పెడితే వచ్చిన జవాబు: “వింటేజ్ అంటే అలాగే ఉంటుందండీ, నో రిటర్న్.” పాతదని నమ్మించి కొత్తది పంపినదానికి ఇదా సమాధానం? గట్టిగా అడిగితే ఇంకో బండిల్ పంపిస్తామన్నారు. వద్దన్నాను, డబ్బే కావాలన్నాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను. మీరూ ఇలాగే ఇరుక్కుంటే చాట్, యూపీఐ రసీదు, వాళ్లు పెట్టిన ప్రకటన స్క్రీన్‌షాట్ దాచుకోండి. ప్రకటన స్క్రీన్‌షాట్ ముందే తీసుకోండి, ఎందుకంటే నేను ఫిర్యాదు చేశాక వాళ్లు ఆ పోస్టు తీసేశారు.