జార్జ్ ఎలియట్‌ నవలల్లో ముందు ఏది చదవాలి?

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ రచయిత్రి జార్జ్ ఎలియట్ నవలలు చదవాలనుకునేవాళ్లకి ఎక్కువగా దొరికే సలహా ఒకటే: ‘సైలస్ మార్నర్’ చిన్నది, దాంతో మొదలుపెట్టమని. ధైర్యం ఉన్నవాళ్లు నేరుగా ‘మిడిల్‌మార్చ్’ పట్టుకుంటారు. నన్నడిగితే రెండూ కాదు, ‘ది మిల్ ఆన్ ది ఫ్లాస్’ ముందు.

సైలస్ మార్నర్ (1861) రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. చేయని దొంగతనం నెత్తిన పడి ఊరొదిలిన నేతగాడు పదిహేనేళ్లు బంగారు నాణేలు కూడబెడతాడు. అవి పోతాయి. ఒక చలి రాత్రి అతని పొయ్యి ముందుకి ఓ పసిపిల్ల వచ్చి చేరుతుంది. చూపు సరిగా ఆనక ఆ పసుపుపచ్చ జుట్టుని చూసి, పోయిన బంగారమే తిరిగొచ్చిందనుకుంటాడు. ఆ ఘట్టం అద్భుతం. కానీ ఇందులో ఎవరు చేసుకున్నదానికి తగ్గట్టు వాళ్లకి ముట్టిపోతుంది. ఎలియట్ అంటే ఇంతేనా అనిపించే ప్రమాదం ఉంది.

మిడిల్‌మార్చ్ (1871-72) ఆవిడ రచనల్లో శిఖరం, అందులో వాదన లేదు. కానీ 86 అధ్యాయాలు. డొరొథియా కథ, డాక్టర్ లిడ్గేట్ కథ వేర్వేరుగా మొదలుపెట్టి తర్వాత కలిపిందావిడ. ఎవరికి ఎవరు ఏమవుతారో తేలేలోపే చాలామంది పుస్తకం మూసేస్తారు. నేనూ ఒకసారి మూశాను.

ఇక ‘ది మిల్ ఆన్ ది ఫ్లాస్’ (1860). ఇందులో చిన్నపిల్ల మ్యాగీ తన జుట్టు తనే కత్తిరించేసుకుంటుంది, చుట్టాలమ్మాయిని బురదలోకి తోస్తుంది, అన్న టామ్ మెచ్చుకోలు కోసం ప్రాణం పెడుతుంది. టామ్‌కి లాటిన్ తలకెక్కదు, మ్యాగీకి ఇట్టే ఎక్కుతుంది. అయినా ఆడపిల్లలది పైపై తెలివే, లోతుకి పోలేరంటాడు మాస్టారు. ఈ మాట రాసిన మనిషి అప్పటికే పండితుడు స్ట్రాస్ రాసిన ఏసు జీవితాన్ని జర్మన్ నుంచి ఇంగ్లిష్‌లోకి తెచ్చి ఉంది!

ఆవిడ అసలు పేరు మేరీ ఆన్ ఎవాన్స్, వారిక్‌షైర్‌లో ఎస్టేట్ వ్యవహారాలు చూసే మనిషి కూతురు. విడాకులు తీసుకునే వీల్లేని జార్జ్ హెన్రీ లూయిస్‌తో 1854 నుంచి కలిసి బతికింది. 1857లో ఆ సంగతి తెలిసి అన్న ఐజాక్ మాటలు మానేశాడు. మిల్ ఆ తర్వాత మూడేళ్లకి వచ్చింది. ఇంత జరిగినా ఐజాక్‌ని తలపించే టామ్‌ని దుర్మార్గుడిగా చూపలేదు. తండ్రి అప్పులు పైసాతో సహా తీర్చే కొడుకు అతను. కఠినుడే, కానీ అతని వైపు నుంచి చూస్తే అతనిదీ న్యాయమే. మిడిల్‌మార్చ్‌లో ఊరంతటి మీదా పడే చూపు ఇదే, ఇక్కడ ఒక్క ఇంటి మీద పడుతుంది.

ఐజాక్ మళ్లీ ఉత్తరం రాసింది 1880లో, లూయిస్ పోయాక ఆవిడ జాన్ క్రాస్‌ని పెళ్లి చేసుకున్నప్పుడు. ఆ డిసెంబరులోనే ఆవిడ చనిపోయింది.

మిల్‌లో లోపం లేకపోలేదు. చివరి భాగం పరుగు తీస్తుంది. బాల్యం రాస్తూ మురిసిపోయి చివరికొచ్చేసరికి చోటు సరిపెట్టుకోలేకపోయింది, ఆ మాట ఆవిడే ఒప్పుకుంది. అయినా మొదటి రెండు భాగాలు చదివి చూడండి. మ్యాగీ మీద అక్కడ ప్రేమ కలగకపోతే మిడిల్‌మార్చ్ ఇప్పట్లో కొనకండి. ముగింపు ఎవరైనా ముందే చెప్పబోతే మాత్రం చెవులు మూసుకోండి.