కొండలకీ ఆఫీసుకీ అని ఎలక్ట్రిక్ మౌంటెన్ సైకిల్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు పళ్ళు లెక్కపెట్టండి

విశాఖలో ఆఫీసుకి తొక్కుకెళ్దాం, ఆదివారం కైలాసగిరి ఎక్కుదాం అని ఎలక్ట్రిక్ మౌంటెన్ సైకిల్ కోసం చూస్తున్నవాళ్ళు ఇది చదివాకే అడ్వాన్సు ఇవ్వండి. నలభై వేల పైచిలుకు పోసి నేను తెచ్చుకున్న బండి సాయంత్రం పూట ఎండాడ ఎత్తు మీద చేతులెత్తేస్తోంది. షాపుకి తీసుకెళ్తే పరీక్ష చేసి "మోటారు బాగానే ఉంది సార్, బ్యాటరీ బాగానే ఉంది" అన్నారు. నిజమే, ఏదీ పాడవలేదు. అసలు దాన్ని తయారు చేసిందే చదును రోడ్డు కోసం. లావు టైర్లు, ముందు షాకప్ తగిలించి మౌంటెన్ అని పేరు పెట్టి అమ్మారు. కంపెనీ పేరు రాయడం లేదు, ఈ ధరలో ఇలాంటి బళ్ళు ఇంకా ఉన్నాయి కాబట్టి.

సంతలో ఎద్దుని కొనేవాడు ముందు నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. సైకిల్‌కీ అంతే. మనకి షాపులో చెప్పేది "సెవెన్ స్పీడ్ సార్, షిమానో గేర్లు" అని. ఏడు గేర్లున్నా, ఇరవై ఒకటున్నా ఎత్తు ఎక్కేటప్పుడు పనికొచ్చేది ఒక్కటే: అన్నిటికన్నా తేలికైన గేరు. నా బండికి ముందు చైన్‌వీల్‌కి (పెడల్స్ దగ్గరుండే పళ్ళ చక్రం) 44 పళ్ళు, వెనక ఫ్రీవీల్‌లో (వెనక చక్రానికి బిగించే పళ్ళ బిళ్ళల గుత్తి) అన్నిటికన్నా పెద్ద బిళ్ళకి 28. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం ఒకటిన్నర చుట్లకి పైనే తిరగాలి. 27.5 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.15 మీటర్లు. కాబట్టి చిట్టచివరి తేలిక గేరులో కూడా ఒక్కో చుట్టుకి 3.4 మీటర్లు ముందుకి పోవాలి. ఎత్తు మీద వేగం గంటకి 7 కిలోమీటర్లకి పడిపోతే కాళ్ళు నిమిషానికి 35 చుట్లే తిరుగుతాయి. అలా తొక్కి చూడండి, మోకాళ్ళ చిప్పలు ఏమంటాయో తెలుస్తుంది. అదే ముందు 34, వెనక 34 ఉంటే అదే వేగానికి 54 చుట్లు. తొక్కగలం.

"ముందు చిన్న చైన్‌వీల్ పెడితే రోడ్డు మీద స్పీడు రాదు సార్" అన్నాడు షాపు కుర్రాడు. ఈ మాట మీకూ చెప్తారు, నమ్మకండి. మన దేశంలో రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేకుండా తిరగాలంటే మోటారు 250 వాట్ల లోపు ఉండాలి, 25 కిలోమీటర్ల వేగం దగ్గర మోటారు సాయం ఆగిపోవాలి. ముందు 34, వెనక 14 పళ్ళతో నిమిషానికి 80 చుట్లు మామూలుగా తొక్కితే వచ్చేది సరిగ్గా ఆ 25. ఇక 44 పళ్ళతో నాకు ఒరిగేదేమిటి? ఇరవై నాలుగు కిలోల బండిని మోటారు లేకుండా ముప్పైలో లాక్కుపోయే మనిషైతే అసలు ఈ షాపుకే రాడు.

మోటారు సంగతి. చవక బళ్ళలో చాలావాటికి అది వెనక చక్రం మధ్యలో, హబ్‌లో ఉంటుంది. దానికి మన గేర్లతో సంబంధం లేదు. మనం గేరు తగ్గిస్తే తేలికయ్యేది మన కాళ్ళకే, మోటారుకి కాదు. చక్రం మెల్లగా తిరిగే కొద్దీ అది తీసుకునే కరెంటులో ఎక్కువ భాగం వేడి కింద పోతుంది. నేనూ బండీ బ్యాగూ కలిపి 110 కిలోలు. వంద మీటర్లకి 8 మీటర్లు లేచే రోడ్డు మీద 12 కిలోమీటర్ల వేగం నిలవాలంటే చక్రం దగ్గర 320 వాట్ల పైనే కావాలి. పొద్దున బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు మోటారూ కాళ్ళూ కలిసి ఎలాగో లాగుతాయి. సాయంత్రానికి వోల్టేజి దిగి ఉంటుంది, ఎత్తు మీద లోడు పడగానే ఇంకా దిగుతుంది. డిస్‌ప్లేలో మూడు గీతలు కాస్తా ఒకటవుతాయి, మోటారుకి కరెంటు అందించే కంట్రోలర్ దాన్ని ఆపేస్తుంది. పక్కకి దిగి నిలబడితే మళ్ళీ మూడు గీతలు! చెయ్యి పెట్టి చూస్తే హబ్ కాలుతూ ఉంటుంది.

షాపు బోర్డు మీద "40 న్యూటన్ మీటర్ల టార్క్" అని రాస్తారు. టార్క్ అంటే తిప్పే బలం. హబ్ మోటారుకి ఆ అంకె చక్రం దగ్గరిది, అదీ కాసేపు మాత్రమే ఇవ్వగలిగినది. దాన్ని చక్రం వ్యాసార్థంతో భాగిస్తే దాదాపు 12 కిలోల తోపుడు. పది శాతం ఎత్తు మీద నా బరువుకి అది పూర్తిగా ఖర్చైపోతుంది, మిగిలేది సున్నా. బాష్, షిమానో, బఫాంగ్ లాంటివాళ్ళ మిడ్ డ్రైవ్ మోటార్లు పెడల్స్ దగ్గర ఉంటాయి. వాటి బలం చైను మీదుగా, గేర్ల గుండా వెళ్తుంది, కాబట్టి గేరు తగ్గిస్తే మోటారుకీ ఊపిరి ఆడుతుంది. రోజూ ఘాట్ ఎక్కేవాళ్ళకి అదే సరైనది. ధర మాత్రం చాలా ఎక్కువ, చైనూ త్వరగా అరుగుతుంది. కొనలేకపోతే హబ్ మోటారే తీసుకోండి, కానీ ఎత్తు మీద దాన్నుంచి ఎంత ఆశించాలో తెలిసి తీసుకోండి.

మోటారుని ఎప్పుడు లేపాలో చెప్పే పెడల్ సెన్సర్ గురించీ అడగండి. నా దాంట్లో ఉన్నది పెడల్ తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసే రకం. ఎంత గట్టిగా తొక్కుతున్నామో దానికి తెలియదు. హనుమంతవాక సిగ్నల్‌లో ఆకుపచ్చ పడ్డాక 44-28 మీద మొదటి అర చుట్టు సొంత కాలితోనే తొక్కాలి, అప్పుడు గానీ మోటారు లేవదు. ఈలోపు వెనక సిటీ బస్సు హారన్. టార్క్ సెన్సర్ ఉన్న బండి పెడల్ మీద కాలు నొక్కగానే అందుకుంటుంది.

"కొండ దిగేటప్పుడు ఛార్జ్ అవుతుంది" అని కూడా చెప్పారు. వెనక చక్రం పైకెత్తి చేత్తో ముందుకి తిప్పండి. తేలిగ్గా, అడ్డేమీ లేకుండా తిరుగుతూ ఉంటే అది లోపల గేర్లూ క్లచ్చూ ఉన్న మోటారు, దిగేటప్పుడు నయాపైసా ఛార్జ్ కాదు. ఇక బ్రేకులు చూస్తే తీగతో లాగే డిస్కులు. ఇంత బరువుతో కైలాసగిరి దిగితే లివరు హ్యాండిల్‌ని తాకుతుంది.

తర్వాత మార్చుకుందాంలే అనుకోకండి. నా చైన్‌వీల్ క్రాంక్‌కి, అంటే పెడల్ తగిలించే కడ్డీకి, రివెట్లతో బిగించేసి ఉంది, బోల్టులు లేవు. అంటే మొత్తం క్రాంకే మార్చాలి. వెనక 14 నుంచి 34 పళ్ళ దాకా ఉన్న ఫ్రీవీల్ మరలో కూర్చుంటుంది గానీ, గేరు మార్చేటప్పుడు చైనుని జరిపే డెరైలర్ 28 పళ్ళ దాకానే పట్టేది, అదీ మార్చాలి. ఇవన్నీ బయట చేయిస్తే వారంటీ పోతుందట. "ఎత్తు ఎక్కడం లేదయ్యా" అంటే ఆ కుర్రాడు "స్పీడ్ లాక్ తీసేస్తా సార్, ఎవరికీ చెప్పకండి" అన్నాడు. స్పీడ్ లాక్ అంటే 25 దగ్గర మోటారుని ఆపే ఏర్పాటు, ఎత్తుకీ దానికీ ఏమిటి సంబంధం? పైగా లాక్ తీశాక చట్టం దృష్టిలో అది సైకిల్ కాదు, నంబరు ప్లేటు లేని మోటారు వాహనం.

కాబట్టి షాపు ముందున్న చదును రోడ్డు మీద రెండు రౌండ్లు కొట్టి సరే అనకండి. బ్యాటరీ సగానికి దిగిన బండి అడగండి, మీ ఆఫీసు బ్యాగు తగిలించుకోండి, మీరు రోజూ ఎక్కాల్సిన ఎత్తు మధ్యలో ఆపి, థ్రాటిల్ (చేత్తో తిప్పే యాక్సిలరేటర్) ముట్టుకోకుండా పెడల్‌తోనే మళ్ళీ బయల్దేరదీయండి. అంత దూరం పంపం అంటే వేరే షాపు చూసుకోండి. డబ్బు వెనక్కివ్వం అన్నాక నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. వాళ్ళు రుజువులు అడుగుతారు. "ఎలాంటి ఎత్తైనా సునాయాసంగా" అని రాసిన ఆ పోస్టరు నేను మళ్ళీ వెళ్ళేసరికి గోడ మీద లేదు, నా ఫోన్లో ఉండబట్టి సరిపోయింది. కొనే రోజే బోర్డు, పోస్టరు, బిల్లు ఫొటోలు తీసి పెట్టుకోండి.