పాత కారులో పెట్రోల్ వాసన వేట: గ్యాస్ డిటెక్టర్‌ని ఏళ్ల తరబడి వాడాక

ముందే చెప్పేస్తాను, ఈ పరికరం కొనొచ్చు. కానీ కొనగానే లీకు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తుందని అనుకుంటే మాత్రం నిరాశే. ఆవిరి ఎక్కడ పోగైందో ఇది చెబుతుంది, ఎక్కడినుంచి వస్తోందో చెప్పదు. ఆ రెండోది మనమే తేల్చుకోవాలి.

నాది 1960ల నాటి కార్బ్యురేటర్ బండి. ట్యాంకు డిక్కీ కింద, ఇంజను ముందు, మధ్యలో బండి పొడవునా ఇనుప పైపు, దాని రెండు చివర్లలోనూ పంపు దగ్గరా రబ్బరు హోసు ముక్కలు. వాసన రావడానికి చోట్లకేం కొదవ లేదన్నమాట. డిటెక్టర్ చేతిలో ఇమిడే పెట్టె, దానికి ఎటు కావాలంటే అటు వంగే పొడవాటి మెడ, మెడ చివర జాలీ తొడుగులో సెన్సర్. సెన్సర్ లోపల చిన్న హీటర్ ఉంటుంది కాబట్టి ఆన్ చేశాక శుభ్రమైన గాలిలో కాసేపు వేడెక్కనివ్వాలి. తర్వాత నెమ్మదిగా టిక్కు టిక్కుమంటూ ఉంటుంది, ఆవిరి దగ్గరికి వెళ్లేకొద్దీ జోరందుకుని చివరికి ఒకటే కూత. పక్కనున్న చిన్న చక్రం తిప్పితే ఎంత సున్నితంగా పనిచేయాలో మార్చుకోవచ్చు.

ముక్కు ఉండగా ఇదెందుకు అని చాలామంది అడుగుతారు. నిజానికి పెట్రోల్ విషయంలో మన ముక్కు చాలా చురుకైనదే, గాలిలో పది లక్షల వంతుల్లో ఒక వంతు కన్నా తక్కువున్నా పసిగడుతుంది. చిక్కల్లా ఏమిటంటే బండి కింద కాసేపు పడుకున్నామంటే ముక్కు అలవాటు పడిపోయి, వాసన ఎక్కడ ఎక్కువుందో ఎక్కడ తక్కువుందో తెలియకుండా పోతుంది, పైగా తల కూడా పట్టేస్తుంది. ట్యాంకుకీ డిక్కీ తలానికీ మధ్య రెండు వేళ్ల సందులోకి ముక్కు ఎలాగూ పట్టదు. డిటెక్టర్ మెడ పడుతుంది. నేను పెట్టిన డబ్బుకి ఆ ఒక్క సౌకర్యం చాలు అనిపించింది.

"పాత బండి కదా, పెట్రోల్ వాసన మామూలే" అనే మాట మెకానిక్కులందరూ అంటారు. సగం నిజమే. ఆ కాలపు బండ్లలో ట్యాంకు ఆవిరీ కార్బ్యురేటర్ గిన్నెలోని ఆవిరీ నేరుగా గాలిలోకే పోయేవి. ఆవిరిని బొగ్గు డబ్బాలో పట్టి ఉంచి మళ్లీ ఇంజనుకే పంపే ఏర్పాటు కాలిఫోర్నియాలో 1970 మోడళ్లతో, మరుసటి ఏడాది అమెరికా అంతటా వచ్చింది. కాబట్టి అంతకుముందు బండ్లలో వేడి ఇంజను ఆపగానే కాస్త వాసన రావడం వింతేమీ కాదు. కానీ రాత్రంతా చల్లారిన బండి తలుపు తీయగానే గుప్పుమంటే మాత్రం "మామూలే" అని సరిపెట్టుకోవడం కుదరదు. పెట్రోల్ సున్నాకి నలభై డిగ్రీలు దిగువన కూడా అంటుకునేంత ఆవిరినిస్తుంది, గాలిలో ఆ ఆవిరి ఒకటిన్నర శాతం దాకా చేరితే నిప్పురవ్వ చాలు.

అందుకే డిటెక్టర్ చేతిలోకి తీసుకునే ముందే వాసన ఎప్పుడొస్తోందో రాసిపెట్టుకోమంటాను. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు, అందులోనూ మలుపుల్లో వస్తే ట్యాంకు పైభాగం చూడాలి, అంటే మూత రబ్బరు, పోసే గొట్టం దగ్గరి హోసు, గాలి గొట్టం, పెట్రోల్ ముల్లుకి కొలత పంపే యూనిట్ కింది గాస్కెట్ (లీకు కాకుండా మధ్యలో బిగించే పొర). బండి నడుస్తున్నప్పుడు మాత్రమే లోపలికి వస్తే, అది అసలు పెట్రోల్ కాకపోవచ్చు, సగం కాలిన పొగ కూడా కావచ్చు. నడిచే బండి వెనక గాలి ఒత్తిడి తగ్గి పొగని డిక్కీ రబ్బరు సందుల్లోంచి లోపలికి లాగేస్తుంది, చోక్ (చల్లటి ఇంజను స్టార్ట్ కావడానికి గాలిని తగ్గించే రేకు) పూర్తిగా తెరుచుకోకపోతే ఇంకా ఎక్కువ. దీనికి డిటెక్టర్ పనికిరాదు, డిక్కీ రబ్బరు మధ్య కాగితం ముక్క పెట్టి మూసి లాగి చూడండి, సులువుగా జారి వచ్చేస్తే ఆ చోట పట్టు లేనట్టే.

నా బండిలో రెండు రకాల వాసనా ఉండేది, నిండు ట్యాంకు వాసనా, పొద్దున్నే తలుపు తీసినప్పటి వాసనా. మొదట్లో డిటెక్టర్ ఎప్పుడూ నేల దగ్గరే గట్టిగా కూసేది. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు, నీళ్లలాగే పల్లానికి జారి చేరుతుంది. కాబట్టి కూత ఎక్కడ ఎక్కువుందో అక్కడినుంచి పైకి ఎక్కుతూ వెళ్లాలి, ఇంక పైన కూత ఆగిపోయే చోటు దొరికితే దాని కిందే ఎక్కడో ఉంటుంది దొంగ. ఫ్యాను లేకుండా, గాలి ఆడకుండా, బండి రాత్రంతా నిలిపి, పొద్దున్నే ఏదీ కదపకముందు చూస్తేనే ఇది పనిచేస్తుంది. దీనికి ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి.

అలా మొదట పట్టుబడింది ట్యాంకు యూనిట్ గాస్కెట్. డిక్కీ తివాచీ ఎత్తి రేకు మూత తీస్తే, బిగించే రింగు చుట్టూ గోధుమరంగు మరక, జిగురు ఎండినట్టు. పెట్రోల్ చెమర్చి ఆరిపోయిన ప్రతిసారీ మిగిల్చిపోయేది అదే. లోపలి కార్కు గాస్కెట్ వేలితో తాకితే పొడిపొడిగా రాలింది. ట్యాంకు బాగా ఖాళీ అయ్యాక, రింగుని ఇత్తడి కడ్డీతో తట్టి తిప్పి తీసి (ఉక్కు ఉలి వద్దు, నిప్పురవ్వ వస్తుంది) ఇథనాల్‌కి తట్టుకునే కొత్త గాస్కెట్ వేశాను. నిండు ట్యాంకు వాసన ఆ రోజుతో పోయింది.

పొద్దుటి వాసన మాత్రం పోలేదు. డిటెక్టర్ హోసు మొత్తం పొడవునా ఒకే జోరుతో టిక్కుటిక్కుమనేది, ఒక చోట ఎక్కువా తక్కువా లేకుండా. పొడిగా ఉంది, చుక్క లేదు, పగులు లేదు. చాలామందికి తెలియని సంగతి ఇదే: హోసు కారకపోయినా రబ్బరు గోడల్లోంచి ఆవిరి బయటికి ఊరుతూనే ఉంటుంది. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలపడంతో పాత రకం రబ్బరులోంచి ఇది మరీ ఎక్కువైంది. శుభ్రమైన గుడ్డ పెట్టి హోసు పొడవునా గట్టిగా రుద్ది, ఆ గుడ్డని అవతలికి తీసుకెళ్లి వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే హోసు మార్చాల్సిందే. ఈ పరీక్షకి ఖర్చు లేదు, డిటెక్టర్ కన్నా నమ్మకం కూడా.

హోసు మీద అచ్చువేసిన అక్షరాలు చూసి కొనాలి. ఎస్‌ఏఈ (వాహన ఇంజనీర్ల సంఘం) హోసులకి పెట్టిన జే30 ప్రమాణంలో ఆర్7 రకానికి రోజుకి చదరపు మీటరుకి 550 గ్రాముల దాకా ఊరడానికి అనుమతి ఉంది, ఆర్9 రకానికి 15 గ్రాములే. ఆ తేడా మూసిన గదిలో పెట్టిన బండికి ఎంతవుతుందో మీరే ఊహించండి. అన్నీ ఆర్9కి మార్చాను, పైన నూలు అల్లిక ఉన్న ముక్కతో సహా (అల్లిక చూడ్డానికి పాతకాలం అందం, కింద రబ్బరు పగిలినా కనబడనివ్వదు). వెనక ఇరుసు మీదుగా ట్యాంకు నుంచి ఇనుప పైపుకి వెళ్లే చిన్న ముక్క ఒకటుంటుంది, దాన్ని అందరూ మర్చిపోతారు. క్లిప్పులు కూడా పట్టీకి గాట్లు ఉన్న స్క్రూ రకం తీసేసి, అంచులు బయటికి మడిచి లోపల నున్నగా ఉండేవి వేశాను, పాతవి సన్నటి హోసులోకి కోసుకుపోతాయి.

ఇంత చేశాక కూడా కొన్నాళ్లు వాసన ఉండేది. ఇక్కడ డిటెక్టర్ తన డబ్బు తాను సంపాదించుకుంది: హోసుల దగ్గర నిశ్శబ్దం, డిక్కీ తివాచీ కింది మెత్త దగ్గర కూత. ఏళ్ల తరబడి పీల్చుకున్నదంతా అందులోనే ఉంది. తీసి ఎండలో పడేశాను, అంతే.

ఇంజను దగ్గర మాత్రం ఇది దాదాపు దండగ. వేడి బండి బానెట్ ఎత్తగానే అన్నిచోట్లా ఒకటే కూత. అక్కడ ఎల్‌ఈడీ టార్చి, టాల్కం పౌడర్, వేలు ఇవే పనికొస్తాయి. చల్లటి ఇంజను మీద కీళ్ల దగ్గర పౌడర్ చల్లి స్టార్ట్ చేస్తే తడిసిన చోట గీత పడుతుంది. పెట్రోల్ గొట్టాన్ని కార్బ్యురేటర్‌కి బిగించే బోల్టు దగ్గరి ఫైబర్ వాషర్లు ఒకసారి విప్పితే మళ్లీ వాడకండి. కార్బ్యురేటర్ గిన్నె పొంగుతుంటే పెట్రోల్‌ని ఆపే నీడిల్, అది కూర్చునే సీటు, తర్వాత పెట్రోల్ మీద తేలుతూ నీడిల్‌ని మూసే ఫ్లోట్ చూడండి. ఇత్తడి ఫ్లోట్ చెవి దగ్గర ఊపితే లోపల చప్పుడైతే అందులోకి పెట్రోల్ దిగినట్టే. ఇంజను ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ పెట్రోల్ వాసన వేస్తుంటే, ఇంజనుకి బిగించిన పంపులో డయాఫ్రమ్ (పెట్రోల్‌ని తోసే పలచటి పొర) చినిగి పెట్రోల్ ఆయిల్‌లోకి దిగుతున్నట్టే, బండి నడపడం ఆపండి.

డిటెక్టర్ లోపాలు కూడా చెప్పాలి. బ్రేక్ క్లీనర్, చేతులు తుడుచుకునే స్పిరిట్, లైటర్ గ్యాస్, దేనికైనా కూస్తుంది, ముందు ఏదైనా కొట్టి శుభ్రం చేసి ఉంటే ఆ రోజు పరీక్ష మానేయడమే నయం. వాతావరణంలో తేమ మారితే సున్నా స్థానం జరుగుతుంది, మళ్లీ సరిచేసుకోవాలి. సిలికాన్ స్ప్రేలు సెన్సర్‌ని పాడుచేస్తాయి, డ్యాష్‌బోర్డు పాలిష్ దగ్గరికి దాన్ని పోనివ్వకండి. ద్రవంలో ముంచకూడదు, ట్యాంకు నోట్లో అసలే దూర్చకూడదు, ఇలాంటి చవక పరికరాలన్నీ పేలుడు ఆవిరి మధ్య వాడడానికి ధ్రువీకరించినవి కావు. కళ్లకి తడి పెట్రోల్ కనబడిందంటే ఇక పరికరంతో పని లేదు.

డబ్బు ఒకదానికే ఉందంటే హోసులు, క్లిప్పులు, ట్యాంకు గాస్కెట్ ముందు మార్చండి, పాత బండి వాసనల్లో ఎక్కువ భాగం వాటితోనే పోతుంది. అప్పటికీ పోకపోతే, ట్యాంకు చుట్టూ చెయ్యి పట్టని బండి అయితే, ఈ డిటెక్టర్ కొనండి.