రొయ్యల చెరువుల మీద డిజిటల్ మెగ్గర్: కొన్నేళ్లు వాడాక

భీమవరం చుట్టుపక్కల చెరువుల మీద కరెంటు పని చేసేవాళ్ల సంచిలో మల్టీమీటర్, క్లాంప్ మీటర్ ఎలాగూ ఉంటాయి. మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో చూసే మీటరు) మాత్రం చాలామంది కొనరు, అదేదో సబ్‌స్టేషన్ వాళ్ల వస్తువన్నట్టు చూస్తారు. నాది 250, 500, 1000 వోల్టులు ఇచ్చే చిన్న డిజిటల్ రకం. మన డెల్టాలో పని చేసేవాడు ముందు కొనాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

ఇక్కడ మోటార్లకు వచ్చే జబ్బు ఎక్కువగా చెమ్మే. ఉప్పునీటి చెరువు, పక్కనే రాత్రంతా తుంపర కొట్టే ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం). టెర్మినల్ బాక్సులోకి కేబుల్ వెళ్లే చోటి బిగింపు, అంటే గ్లాండు, కాస్త వదులైతే చాలు. మల్టీమీటర్ ఇచ్చే కొద్ది వోల్టులకు తడిసిన వైండింగ్ (మోటారు లోపలి తీగచుట్ట) కూడా చాలాసార్లు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. 415 వోల్టుల లైను తగిలాక బాడీకి లీకై ట్రిప్ కొడుతుంది. మెగ్గర్ 500 వోల్టుల డీసీ ఎక్కించి చూస్తుంది కాబట్టి దాని దగ్గర ఆ దాపరికం సాగదు. తెల్లవారుజామున "ఆక్సిజన్ పడిపోద్దండీ, తొందరగా రండి" అని రైతు ఫోన్ చేసినప్పుడు ఈ తేడా విలువ తెలుస్తుంది.

వైరింగు రీడింగ్ ఒక మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు) కన్నా తగ్గితే లైను ఇవ్వను. మోటారుకైతే కనీసం అయిదు చూస్తాను. అంకె కన్నా అది కదిలే తీరు ముఖ్యం. బటన్ నిమిషం పాటు నొక్కి ఉంచితే రీడింగ్ మెల్లగా పైకి పాకాలి. తక్కువ దగ్గరే అతుక్కుపోతే చెమ్మో మురికో ఉన్నట్టు. వేడి పది డిగ్రీలు పెరిగితే రీడింగ్ దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే అప్పుడే ఆపిన మోటారు లెక్కను చల్లటి మోటారుతో పోల్చకూడదు. వైండింగ్ పోయిందని తేల్చేముందు టెర్మినల్ ప్లేటు మీద ఉప్పు పొరను పొడిగుడ్డతో తుడిచి మళ్లీ చూడండి. రివైండింగ్‌కు పంపాల్సిన పని అక్కడే తప్పిపోవచ్చు.

నిజంగా తడిస్తే మూత విప్పి, లోపల 100 వాట్ల పాతరకం ఫిలమెంటు బల్బు పెట్టి రాత్రంతా ఆరనిస్తాను. వేడెక్కేకొద్దీ రీడింగ్ మొదట ఇంకా పడిపోతుంది. కంగారు పడొద్దు, చెమ్మ పోయాక అదే ఎక్కుతుంది.

గట్టు పొడవునా ఒకే కేబుల్‌కు వరసగా ఏరియేటర్లున్నప్పుడు ఒక్కోటీ విప్పుతూ పోతే తెల్లారిపోతుంది. మధ్య జాయింట్ విడదీసి రెండు వైపులా మెగ్గర్ పెడతాను. లోపమున్న సగాన్ని మళ్లీ సగం చేస్తాను. అలా నాలుగైదు జాయింట్లలో పని తేలుతుంది. లైను ఆపి, కరెంటు లేదని టెస్టర్‌తో నిర్ధారించుకోవడం, డ్రైవ్ (మోటారు వేగం మార్చే పెట్టె) గానీ ఎలక్ట్రానిక్ బోర్డు గానీ ఉంటే ముందే విడదీయడం తప్పనిసరి. ఆ 500 వోల్టులకు బోర్డులు కాలిపోతాయి.

దీనికి చేతకానిదీ ఉంది. ఒకే కాయిల్‌లో చుట్టుకీ చుట్టుకీ షార్టయితే ఇది వందల మెగోమ్‌లు చూపిస్తూ కూర్చుంటుంది. అప్పుడు క్లాంప్ మీటరే దిక్కు: మూడు ఫేజుల్లో వోల్టేజి సమానంగా ఉండి, ఆంపియర్లు మాత్రం తేడాగా ఉంటే అనుమానం అటే పోవాలి.

ఇక వస్తువు సంగతి. ఎండలో గట్టు మీద తెర సరిగ్గా కనబడదు. బ్యాటరీ అరలో స్ప్రింగులు చిలుమెక్కుతాయి, నెలకోసారి తుడవాల్సిందే. ప్రోబు వైర్లు మొదలు దగ్గర పగులుతాయి. పగిలిన వైరు తడి నేల మీద పడితే అదే లీకేజీ చూపిస్తుంది. చేత్తో తిప్పే పాతరకానికి బ్యాటరీ గొడవ లేదు గానీ, నిమిషం పాటు ఒకే వేగంతో తిప్పాలంటే ప్రోబులు పట్టుకోవడానికి రెండో మనిషి కావాలి. కొనేటప్పుడు ఆటో డిస్చార్జి (టెస్టు అయ్యాక మిగిలిన చార్జిని మీటరే దించేయడం) ఉందో లేదో చూడండి. పొడవాటి కేబుల్ టెస్టు తర్వాత కూడా చార్జి నిలుపుకుంటుంది, ఆ సౌకర్యం లేని మీటరుతో చేస్తే కొనలు ముట్టుకోకముందే ఎర్త్‌కు తగిలించాలి.