కథానిలయంలో చాసో కథ చదివిన మధ్యాహ్నం

శ్రీకాకుళంలోని కథానిలయం పేరు చాలాకాలంగా వింటున్నా, లోపల అడుగుపెట్టింది మాత్రం గత నెలలోనే. కథారచయిత కాళీపట్నం రామారావు మాస్టారు తమకు పురస్కారాలతో వచ్చిన సొమ్ము వెచ్చించి 1997లో నెలకొల్పిన ఈ గ్రంథాలయం తెలుగు కథ కోసమే పుట్టింది. నేను వెళ్లింది కూడా ఒక్క కథ కోసమే. చాసో, అంటే చాగంటి సోమయాజులు, రాసిన ‘ఎందుకు పారేస్తాను నాన్నా!’ కావాలని అడిగాను. కాసేపట్లోనే సంపుటం తెచ్చి చేతికిచ్చి, కూర్చోవడానికి చోటు చూపించారు. ఆ తరువాత ఎంతసేపు కూర్చున్నా నన్ను తొందరపెట్టినవారు లేరు.

ఈ కథను మొదట నేను చూసింది ఒక గైడు పుస్తకంలో. అందులో సారాంశం పది వాక్యాలు వేసి, కింద చదువు ప్రాముఖ్యాన్ని వివరించమని ప్రశ్న ఇచ్చారు. అలా చదివినవారికి ఈ కథ అందదు. ఫీజు కట్టే స్తోమత లేక తండ్రి చదువు మాన్పించిన కృష్ణుడు, అదే తండ్రికి చుట్టలు తేవడానికి తన బడి మీదుగా వెళ్లవలసి రావడంలోనే ఉంది దాని ప్రాణమంతా.

ఎనిమిదో తరగతిలో ఫీజు బాకీపడి నేను మూడు వారాలు ఇంట్లోనే ఉండిపోయాను. నాన్న బీడీకట్టకు పంపితే, బడి గోడ కనిపించే దారి మానేసి, చెరువు గట్టు మీదుగా చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి. ఎవరైనా అడిగితే జ్వరమని చెబుదామని మాట సిద్ధం చేసుకుని, రూపాయి బిళ్లను ఎంత గట్టిగా పట్టుకునేవాణ్ణంటే, కొట్టు దగ్గర పిడికిలి విప్పేసరికి దాని అచ్చు అరచేతిలో గుండ్రంగా పడి ఉండేది. నాన్న మీద కోపం మాత్రం రాలేదు. ఆయన దగ్గర లేదని తెలిసిపోయింది. తెలిసినట్టు ఆయనకు తెలియకూడదనిపించింది.

1915లో శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో స్థిరపడిన చాసో, ఆ వయసులో పిల్లవాడు ఒక్కసారిగా పెద్దవాడయ్యే క్షణాన్ని ఉపన్యాసం లేకుండా, తండ్రిని దుర్మార్గుడిగా చూపకుండా, కొద్ది పేజీల్లో పట్టుకున్నారు. శీర్షికలోని ఆ చిన్న జవాబులో వినయం, బెంగ, తండ్రి మీద ప్రేమ అన్నీ కలిసి వినిపిస్తాయి. రెండోసారి చదివినప్పుడు అక్కడ చాలాసేపు ఆగిపోయాను.

దూరాన ఉన్నవారు కథానిలయం వెబ్‌సైటులో రచయిత పేరుతో గాని, కథ పేరుతో గాని వెతుక్కోవచ్చు. అయినా వీలుంటే అక్కడికే వెళ్లి చదవమంటాను. మా అబ్బాయి ఇప్పుడు ఎనిమిదో తరగతి. దసరా సెలవుల్లో వాణ్ణి వెంటబెట్టుకెళ్లి, గైడులోని ప్రశ్న సంగతి ఎత్తకుండా, ఈ కథ చేతికివ్వాలని అనుకుంటున్నాను.