బీర్ ఫెస్టివల్‌లో చిన్న గ్లాసులా, నిండు మగ్గా: ఏది మేలు?

ఫ్రెండ్స్‌తో బీర్ ఫెస్టివల్‌కి వెళ్తే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. నచ్చిన బీరు నిండు మగ్గు పోయించుకుని కూర్చోవాలా, చిన్న గ్లాసుల్లో ఉన్న రకాలన్నీ రుచి చూడాలా? మా వైజాగ్ బ్యాచ్ ఈ విషయంలో ప్రతిసారీ రెండు పార్టీలుగా చీలిపోతుంది. నేను చిన్న గ్లాసు పార్టీ. అయితే మగ్గు పార్టీ వాళ్లు చెప్పేదాంట్లో ఒక మాట మాత్రం నూటికి నూరుపాళ్లూ నిజం. దాని సంగతీ చెప్తాను.

రెండు పద్ధతులకీ పెద్ద ఉదాహరణలే ఉన్నాయి. 1810లో జర్మనీలో మొదలైన మ్యూనిక్ అక్టోబర్‌ఫెస్ట్‌ది మగ్గు పద్ధతి. అక్కడ మగ్గంటే లీటరు. పోసేది ఆ ఊరి ఆరు బ్రూవరీల బీరే. పొడవాటి బల్లల దగ్గర కూర్చుని, పాడుకుంటూ, గంటల తరబడి ఒకే రకం తాగుతారు. 1982లో మొదలై డెన్వర్‌లో పేరు తెచ్చుకున్న గ్రేట్ అమెరికన్ బీర్ ఫెస్టివల్‌లో ఒక్కో శాంపిల్ ఒక ఔన్సు, అంటే దాదాపు 30 మిల్లీలీటర్లు. మొదటిది కలిసి కూర్చోడానికి పనికొచ్చే పద్ధతి, రెండోది బీరు సంగతి తెలుసుకోడానికి.

చిన్న గ్లాసు కదా, ఏమవుతుందిలే అనుకోవడం మాత్రం తప్పు. గ్లాసు 120 మిల్లీలీటర్లదైతే, మనిషికి ఆరు తాగేసరికి 720. మన 650 సీసా కంటే ఎక్కువే. అందుకే నలుగురికి ఒక్కో రకం ఒక్క గ్లాసే తీసుకోండి. తలా 30 మిల్లీలీటర్లు వస్తుంది, సరిగ్గా డెన్వర్ లెక్కే. ఆరు రకాలు చూసినా మనిషికి 180 దాటదు, ఖర్చూ నాలుగో వంతే. పైగా ఒకే గ్లాసు చేతులు మారుతుంటే మాటలు వాటంతటవే వస్తాయి. ఒకడు అరటిపండు వాసనంటాడు, ఇంకొకడు లవంగం అంటాడు. "ఒరే మావా, ఇటివ్వరా ఇంకోసారి చూస్తాను" అంటారు. ఎవరి మగ్గు వాళ్లు పట్టుకుంటే ఈ సరదా ఉండదు.

నిజానికి అరటిపండన్నవాడూ, లవంగమన్నవాడూ ఇద్దరూ కరెక్టే. జర్మనీలోని బవేరియా పద్ధతిలో చేసే గోధుమ బీరులో అరటిపండూ ఉండదు, లవంగమూ ఉండదు. పులియబెట్టేటప్పుడు ఆ రకం ఈస్టే రెండు వాసనల్నీ పుట్టిస్తుంది. వెలుతురుకి పెట్టి చూస్తే మబ్బుగా కనిపిస్తుంది, పైన నురగ దట్టంగా నిలబడుతుంది. ఒక గుక్క తాగి, వేడివేడి వంజరం వేపుడు ముక్క తుంచుకుని, మళ్లీ ఒక గుక్క తాగండి. ముక్కకి పట్టిన కారం, నూనె నాలుక మీద నుంచి తేలిగ్గా దిగిపోతాయి. చేదెక్కువుండే ఐపీఏ అనే రకం బీరుతో అదే ముక్క తింటే, బీరుకి చేదునిచ్చే హాప్స్ అనే పువ్వుల ఘాటు కారాన్ని ఇంకా రెచ్చగొడుతుంది. అది కొందరికి ఇష్టమే, నాకు కాదు. స్టౌట్ అనే రకం నల్లగా ఉంటుంది కాబట్టి స్ట్రాంగ్ అనుకుంటారు గానీ, గిన్నిస్ డ్రాట్‌లో ఆల్కహాల్ నాలుగు శాతం పైచిలుకే. మన షాపుల్లో స్ట్రాంగ్ అని అమ్మేవి ఎనిమిది దాకా పోతాయి. స్టౌట్ నలుపూ, కాఫీ లాంటి చేదూ బాగా వేయించిన బార్లీ వల్ల వచ్చినవి.

వరస మాత్రం తప్పకూడదు. ముందు తేలిక రుచి ఉండే లాగర్ రకం, తర్వాత గోధుమ బీరు, చివర్లో స్టౌట్, ఐపీఏ. ముందే ఐపీఏ తాగితే ఆ చేదు నాలుకని వదలదు, తర్వాతవన్నీ నీళ్లలా ఉంటాయి. మధ్యమధ్య మంచినీళ్లు తాగండి. మురీ మిక్చర్ ఎంత బాగున్నా రుచి చూసేటప్పుడు పక్కన పెట్టండి, ఉల్లిపాయా నిమ్మరసం ముందు ఏ బీరు వాసనా నిలబడదు.

వైజాగ్‌లో మగ్గుకి ఇంకో ఇబ్బంది ఎండ. రుషికొండ వైపు లాన్‌లో సాయంత్రం నాలుగింటికి పెట్టారనుకోండి, ఆ ఉక్కకి మగ్గులో సగం తాగేలోపే మిగతాది వెచ్చబడిపోతుంది. అదీగాక ఎండ నేరుగా తగిలితే హాప్స్‌లోని పదార్థాలు మారి కొన్ని నిమిషాల్లోనే ఒకరకం కంపు మొదలవుతుంది. సీసాలు గోధుమ రంగులో ఉండేది అందుకే. చిన్న గ్లాసుకి ఆ బాధ లేదు, పోసిన చల్లదనం ఉండగానే అయిపోతుంది.

ఇక మగ్గు పార్టీ మాట. చిన్న గుక్కల్లో గట్టి రుచులదే పైచేయి. తీపి, చేదు, పండు వాసన ఉన్నవి వెంటనే మార్కులు కొట్టేస్తాయి. పాపం లాగర్ ఎప్పుడూ ఆఖరే. కానీ 1842లో, ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని ప్లజెన్ ఊళ్లో పుట్టిన పిల్స్‌నర్ లాంటి లాగర్ గొప్పతనం మొదటి గుక్కలో తెలియదు. సగం మగ్గు అయ్యాక, మళ్లీ తాగాలనిపిస్తుందే, అప్పుడు తెలుస్తుంది. మంచి లాగర్ చేయడం బ్రూవర్‌కి చాలా కష్టం కూడా, తప్పు దొర్లితే దాచడానికి అందులో వేరే రుచేదీ ఉండదు. దాన్ని 30 మిల్లీలీటర్లలో తీసిపారేయడం అన్యాయం.

అందుకని నా తీర్పు ఇది. రకాలు తెలుసుకోవాలంటే, అందులోనూ నలుగురితో వెళ్తే, చిన్న గ్లాసులే మేలు. అన్నీ చూశాక, పొద్దు వాలాక, నచ్చినది ఒక్క మగ్గు. ఫెస్టివల్‌కి వచ్చి మొదటి నుంచీ మగ్గుతోనే కూర్చోవడమంటే, సిరిపురంలో ఏ బార్‌లోనైనా దొరికేదాని కోసం టికెట్ కొన్నట్టే. ఇద్దరే వెళ్తే మాత్రం నాలుగు రకాల దగ్గర ఆపేయండి, పంచుకున్నా మనిషికి 240 అవుతుంది.

బండి ఇంట్లోనే వదిలి క్యాబ్ మాట్లాడుకోండి. చట్టం ఒప్పుకునేది 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలే. ఒక్క మగ్గుకే కొందరు అది దాటేస్తారు. బీచ్ రోడ్డు మలుపుల్లో ఆ రిస్క్ ఎవరూ తీసుకోకూడదు. ఇరవై ఒకటి నిండని తమ్ముళ్లని అసలు తీసుకెళ్లొద్దు.

ఆ చివరి మగ్గు ఏది అంటే, ముందు తాజా పిల్స్‌నర్ ఉందేమో అడుగుతాను. లేకపోతే గోధుమ బీరు, చేపల వేపుడు ఇంకో ప్లేటు.