85ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్: కొన్నేళ్లు వాడాక

85ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్‌ను చాలామంది ఫోటోలో వెనకాల వచ్చే ఆ మెత్తటి మసక కోసమే కొంటారు. (ఎంఎం సంఖ్య పెరిగేకొద్దీ దూరంలోనిది దగ్గరగా కనిపిస్తుంది, ఎఫ్ సంఖ్య తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువగా తెరుచుకుంటుంది.) నేనూ అందుకే కొన్నాను. కొన్నేళ్లు వాడాక మాత్రం మసక రెండో కారణమైంది. ఈ లెన్స్ నన్ను ఎదుటి మనిషికి ఎంత దూరంలో నిలబెడుతుందన్నదే ఇప్పుడు నాకు మొదటి కారణం.

ఫుల్ ఫ్రేమ్ కెమెరాతో (సెన్సర్ పాత 35ఎంఎం ఫిల్ము అంత ఉండేది) ముఖం, భుజాలు ఫ్రేములో నిండాలంటే ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల దూరంలో ఉండాలి. అదే ఫ్రేము 50ఎంఎంతో కావాలంటే మీటరు దాకా దగ్గరికి జరగాలి. అంత దగ్గర్నుంచి తీస్తే ముక్కు కాస్త పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా వస్తాయి. దీన్ని లెన్స్ గుణం అనుకుంటారు గానీ, అది దూరం చేసే పని. రెండు మీటర్ల నుంచి ఏ లెన్స్‌తో తీసినా ముఖం తీరు ఒకటే, ఫ్రేము ఎంత నిండిందన్నదే తేడా. 85 ఆ దూరం నుంచి ముఖాన్ని నిండుగా చూపిస్తుంది. పైగా రెండు మీటర్లంటే గొంతు పెంచకుండా మాట్లాడుకునే దూరం. కెమెరా మీదికొచ్చిందన్న బెరుకు ఎదుటివాళ్లలో ఉండదు, "కాస్త కిటికీ వైపు తిరగండి" అని నేను మామూలు గొంతుతో చెప్పగలను. 200ఎంఎంతో అదే ఫ్రేముకి నాలుగు మీటర్లు దాటి వెనక్కి పోవాలి. ఫోటో బాగానే వస్తుంది, మాటామంతీ మాత్రం తెగిపోతుంది.

తర్వాత వెలుతురు. ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోయే, కెమెరాతోపాటు వచ్చే కిట్ జూమ్‌తో పోలిస్తే ఎఫ్ 1.8 దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి రానిస్తుంది. ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుకి స్పందించే స్థాయి) 6400 పెట్టాల్సిన చోట 640 సరిపోతుంది. స్టేజీ మీది కార్యక్రమాలు, సాయంత్రం గదిలో ఒక్క దీపం కింద కూర్చున్నవాళ్లు, ఇలాంటివి ఫ్లాష్ లేకుండా తీయగలగడం నాకు పెద్ద విషయం. ఫ్లాష్ వెలగ్గానే ఆ గది తన రంగు పోగొట్టుకుంటుంది.

ఈ తరహా లెన్స్‌కి ఉన్న ఈ బలం కొత్తగా బయటపడింది కాదు. 1950లో టోక్యోలో జున్ మికి అనే ఫోటోగ్రాఫర్, అమెరికాలోని లైఫ్ పత్రికకు పనిచేసే ఫోటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్‌ను నికాన్ వారి 8.5 సెంటీమీటర్ల (అంటే 85ఎంఎం) ఎఫ్ 2 లెన్స్‌తో తక్కువ వెలుతురులో ఫోటో తీశాడు. ఆ ప్రింటులోని స్పష్టత చూసి డంకన్ ఆ కంపెనీ లెన్సులు సంపాదించుకున్నాడు, వెంటనే మొదలైన కొరియా యుద్ధంలో వాటిని వాడాడు. జపాన్ లెన్సులకు బయటి ప్రపంచంలో పేరు రావడానికి ఈ సంఘటన చాలా తోడ్పడింది. ఈ కథ చదివినప్పుడల్లా నాకు భలే సంతోషంగా ఉంటుంది.

ఇక ఫోకస్. ఈ లెన్స్ నేర్చుకోవడమంటే ముఖ్యంగా ఇదే. ఎఫ్ 1.8 దగ్గర, రెండు మీటర్ల దూరంలో, ముందు నుంచి వెనక్కి స్పష్టంగా వచ్చే మందం సుమారు ఆరు సెంటీమీటర్లు. ఒకటిన్నర మీటర్లకి వస్తే మూడు సెంటీమీటర్లకు కాస్త పైన. లెన్స్ ఫోకస్ చేయగల అతి దగ్గరి దూరంలో, అంటే ఎనభై ఐదు సెంటీమీటర్ల దగ్గర, మిగిలేది ఒక సెంటీమీటరే. మనిషి కాస్త పక్కకి తిరిగితే ఒక కన్ను స్పష్టంగా, రెండోది మెత్తగా, చెవి పూర్తిగా మసకగా వస్తాయి. కావాలని అలా తీస్తే బాగుంటుంది, ప్రతి ఫోటోలో అదే అయితే మొహం మొత్తుతుంది. అందుకే ముఖాలకి నేను ఎక్కువగా ఎఫ్ 2.2 నుంచి 2.8 మధ్య ఉంటాను. ఇద్దరుంటే ఎఫ్ 4, ఇద్దరి ముఖాలూ కెమెరాకి ఒకే దూరంలో ఉండేలా చూసుకుంటాను.

ఎఫ్ 1.8ని పూర్తిగా తెరిచి నేను ఇష్టంగా వాడేది నిలువెత్తు ఫోటోలకి. మనిషి తల నుంచి కాళ్ల దాకా పడాలంటే ఐదు మీటర్లు వెనక్కి వెళ్లాలి. ఆ దూరంలో స్పష్టమైన మందం ముప్పై సెంటీమీటర్లు దాటుతుంది, అంటే మనిషి మొత్తం స్పష్టంగా ఉంటాడు, వెనకాల చెట్లూ గోడలూ మాత్రం మెత్తబడతాయి. ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ మసకకీ దీనికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. నేల పాదాల దగ్గర స్పష్టంగా మొదలై మెల్లమెల్లగా కరిగిపోతుంది. జుట్టు అంచులో కత్తిరించిన గీత కనపడదు.

గురి తప్పిన ఫోటోలు చాలావరకు లెన్స్ వల్ల కాదు, ఊపిరి వల్ల. నేను కాస్త ముందుకి ఒరిగినా, వాళ్లు నవ్వుతూ తల కదిపినా ఆ మూడు సెంటీమీటర్లు దాటిపోతాయి. ఒకసారి పట్టి ఆగిపోయే సింగిల్ ఫోకస్ వదిలేసి, కదిలేవాళ్లను వెంటాడే కంటిన్యుయస్‌లో పెట్టి రెండు మూడు ఫోటోలు వరసగా తీయడమే నాకు పనికొచ్చిన పద్ధతి. డీఎస్‌ఎల్‌ఆర్‌లో (లోపల అద్దం ఉండే కెమెరా) ఫోకస్ కొలిచే సెన్సర్ వేరుగా ఉంటుంది కాబట్టి కొంచెం ముందుకో వెనక్కో పడే అవకాశముంది. కెమెరా మెనూలో సర్దుబాటు ఉంటే ఒకసారి కూర్చుని సరిచేసుకోవాలి. మిర్రర్‌లెస్ కెమెరా, అంటే అద్దం లేనిది, ఫోటో తీసే అసలు సెన్సర్ నుంచే ఫోకస్ చదువుతుంది, కన్ను గుర్తుపట్టే ఆటోఫోకస్ కూడా తోడవుతుంది. నా పాత లెన్స్‌ను అడాప్టర్‌తో మిర్రర్‌లెస్ మీద పెట్టాక ఎఫ్ 1.8 దగ్గర టెన్షన్ సగం తగ్గింది.

ఈ తరహా లెన్సుల్లో చాలావాటికి స్టెబిలైజేషన్ (వణుకును సర్దే ఏర్పాటు) ఉండదు. కూర్చున్న మనిషికైనా షట్టర్ వేగం సెకనులో 125వ వంతుకి తగ్గించను, పిల్లలైతే 500వ వంతు. కెమెరా బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే నా చేతి వణుకు తగ్గుతుంది, పరిగెత్తే పిల్లాడు ఆగడు కదా!

లోపాల్లో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది రంగు అంచులు. తెల్ల చొక్కా మడతలు, లోహపు మెరుపు, ఆకాశానికి ఎదురుగా ఉన్న ఆకులు, వీటి దగ్గర ఫోకస్‌కి ముందు వంగపండు రంగు, వెనక ఆకుపచ్చ ఛాయ కనిపిస్తాయి. ఫ్రేము మూలల్లో వచ్చే రంగు తేడాని సాఫ్ట్‌వేర్ తేలిగ్గా తీసేస్తుంది, ఇది మాత్రం అంత తేలిగ్గా పోదు. ఎఫ్ 2.8కి వస్తే బాగా తగ్గుతుంది, ఎఫ్ 4 దగ్గర నేను పట్టించుకోను. అంచుల్లోని దీపాల చుక్కలు గుండ్రంగా కాక పిల్లి కన్నులా సన్నబడతాయి, అది నాకు నచ్చుతుంది కూడా.

మండుటెండలో ఇంకో చిక్కు. ఐఎస్ఓ 100లో ఎఫ్ 1.8కి షట్టర్ 8000వ వంతు దాకా పోవాలి. 4000తో ఆగే కెమెరా అయితే ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు వెలుతురు పడి ముఖం తెల్లబోతుంది. ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే గాజు) పెట్టుకోవాలి, లేదంటే నీడలోకి నడవాలి. నేను నీడకే నడుస్తాను, అక్కడ ముఖం మీద వెలుతురు ఎలాగూ బాగుంటుంది.

క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) కెమెరా ఉన్నవాళ్లు ఒక్కటి గమనించాలి. దాని మీద ఇది సుమారు 128ఎంఎం లెన్స్‌లా చూపిస్తుంది, నిలువెత్తు ఫోటోకి ఏడు మీటర్లు కావాలి. ఇంట్లో అంత చోటుండదు. వాళ్లకి 50 లేదా 56ఎంఎం మేలు.

ఎఫ్ 1.4, 1.2 వాటి సంగతి చాలామంది అడుగుతారు. 1.8కీ 1.4కీ తేడా ఒక స్టాప్ కూడా లేదు. బరువు తేడా మాత్రం చేతికి బాగా తెలుస్తుంది. నాది అరకిలోలోపే, అందుకే రోజూ సంచిలో ఉంటుంది. డబ్బు తీసుకుని పోర్ట్రెయిట్లు మాత్రమే తీసేవాళ్లకి ఆ పెద్ద లెన్స్ అర్థవంతమే. మిగతావాళ్లకి 1.8 చాలు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు లోపల ఫంగస్ ఉందేమో టార్చి వేసి చూడండి. అతి దగ్గరి దూరం నుంచి ఇన్ఫినిటీ దాకా ఆటోఫోకస్‌ను పదేపదే తిప్పించి, ఎక్కడైనా తడబడుతుందేమో వినండి. హుడ్‌తో (లెన్స్ ముందు తగిలించే తొడుగు) సహా అడిగి తీసుకోండి, ఎదురెండలో కాంట్రాస్ట్ నిలబడేది దానివల్లే.